యార్కీ కుక్కపిల్ల రేటు ఎంత? సంఘం లోన్ తీసేముందు ఈ లెక్క చూడండి

పోస్ట్ పెద్దగా ఉంటది, కొంచెం ఓపిక పట్టి చదవండి.

పోయిన వారం ఒక తమ్ముడు ఒక ప్రకటన ఫొటో పెట్టి అడిగిండు. యార్క్‌షైర్ టెర్రియర్ అనే కుక్కల జత 1 లక్షా 20 వేలట. పుట్టిన పిల్లల్ని అమ్మినవాళ్లే ఒక్కోటి 30 వేలకు తిరిగి కొంటారట. ఆరు నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తదని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. అమ్మ మహిళా సంఘంలో లోన్ తీసిస్తానంది, రేటు కరెక్టేనా అన్నా అని తమ్ముడి ప్రశ్న. సూపర్ ఐడియా అన్నవాళ్లున్నరు, నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లున్నరు. రేటు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు ఈ సంగతి కొంత తెలుసు. డిగ్రీ రెండో ఏడాదిలో ఎనిమిది నెలలు, ఆదివారాలూ సెలవులూ హైదరాబాద్‌లో ఒక పెట్ షాపులో పని చేసిన. బోన్లు కడగడం, కుక్కపిల్లలకు తిండి పెట్టడం, వచ్చినవాళ్లకు చూపించడం. రోజుకి 500 ఇచ్చేవాళ్లు. షాపు పేరు ఇక్కడ అవసరం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ కుక్క విషయంలో ప్రకటనలో ఉన్న రేటు చిన్న ఖర్చు, కొన్న తెల్లారి నుంచి అయ్యేది పెద్ద ఖర్చు. నెలనెలా జీతం వచ్చేవాళ్లు ముచ్చటకి పెంచుకుంటే అది వాళ్లిష్టం. అమ్మ పేరు మీద అప్పు తెచ్చి వ్యాపారానికి మాత్రం వద్దే వద్దు.

ముందు రేటు సంగతి. హైదరాబాద్‌లో యార్కీ పిల్లకి అడిగే ధర సుమారు 50 వేల నుంచి లక్ష, లక్షన్నర దాకా ఉంటది. పేపర్లున్న పిల్లకి ఒక రేటు, లేనిదానికి ఇంకో రేటు, ఆడదానికి మగదానికి తేడా, అడిగే మనిషి వేసుకున్న చెప్పుల్ని బట్టి కూడా తేడా. ఇది నేను కళ్లారా చూసిన. కారులో దిగినాయనకు 90 అని చెప్పిన పిల్లనే బండి మీద వచ్చిన కుర్రాడికి 65 అన్నరు. ఇంగ్లండ్‌లో అయితే సుమారు 800 నుంచి 1,500 పౌండ్లు, అమెరికాలో 1,000 నుంచి 3,000 డాలర్ల దాకా నడుస్తది. అంటే ఎక్కడా చౌక కాదు. మన దగ్గర 15 వేలకో 20 వేలకో ఇస్తామని ఎవరన్నా అంటే, అది యార్కీ కాకపోవచ్చు, లేదా కుక్కపిల్లే లేకపోవచ్చు.

ఎందుకంత రేటు? ఇది పిడికెడు కుక్క. పెద్దయినా 3 కిలోల చిల్లర, 7 పౌండ్లు దాటకూడదని జాతి లక్షణాల్లోనే రాసి ఉంటది. ఒళ్లు చిన్నది కాబట్టి ఈతకు మూడో నాలుగో పిల్లలే పుడతయి. ఆపరేషన్ చేసి తీయాల్సి రావడం చిన్న జాతుల్లో మామూలే. విదేశాల నుంచి కుక్కల్ని తెచ్చి పిల్లలు పెట్టించి అమ్ముకోవడం మీద 2016లో కేంద్రం ఆంక్ష పెట్టింది. పైన ఫ్యాషన్. సినిమావాళ్ల చేతుల్లో, రీల్స్‌లో, రిబ్బన్ కట్టిన జుట్టుతో కనపడితే కొనేవాళ్లు పెరుగుతరు, అమ్మేవాళ్లు నోటికొచ్చింది అడుగుతరు.

కానీ ఈ కుక్క పుట్టింది పెద్దోళ్ల ఇళ్లలో కాదు. ఈ కథ మనవాళ్లకి తెలియాలని రాస్తున్నా. 1800ల నడుమ ఇంగ్లండ్‌లో బట్టల మిల్లులు పెరిగినప్పుడు స్కాట్లాండ్ నుంచి నేతపనివాళ్లు బతుకుతెరువు కోసం యార్క్‌షైర్ ప్రాంతానికి వలస వచ్చిండ్రు. వాళ్ల వెంట చిన్న టెర్రియర్ కుక్కలు కూడా వచ్చినయి. మిల్లుల్లో ఎలుకల్ని పట్టడం వాటి పని. అక్కడి కుక్కలతో కలిసి కలిసి ఈ జాతి తయారయింది. హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్కని ఈ జాతికి మూలపురుషుడు అంటరు. 1865లో పుట్టి 1871లో బండి కింద పడి చచ్చిపోయింది. ఎలుకల పోటీల్లోనూ గెలిచింది, అందాల పోటీల్లోనూ గెలిచింది. ఆ తర్వాత ఎలుకల సంగతి అందరూ మర్చిపోయి, జుట్టు సంగతే మిగిలింది. కుక్క దొరసానుల ఒళ్లోకి పోయింది, రేటు ఆకాశానికి పోయింది. నేతగాళ్లకు ఏం మిగిలిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మన అమ్మలు అడవిలో ఏరిన సారపప్పు సంతలో ఏ రేటుకి పోతదో, అదే పప్పు సిటీలో మిఠాయి మీద ఏ రేటుకి కూర్చుంటదో చూసినవాళ్లమే కదా.

ఇంకో చిన్న కథ చెప్పి లెక్కలోకి వస్తా. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, న్యూగినీ అడవిలో ఒక గుంటలో అమెరికా సైనికుడికి ఒక యార్కీ దొరికింది. అది చేతులు మారి విలియం విన్ అనే కార్పొరల్ దగ్గరికి వచ్చింది. ఆయన ఇచ్చింది 2 ఆస్ట్రేలియన్ పౌండ్లు. పేరు స్మోకీ, బరువు 4 పౌండ్లు. ఫిలిప్పీన్స్‌లో విమానాల రన్‌వే కింద టెలిఫోన్ తీగ వేయాల్సి వస్తే, 8 అంగుళాల వెడల్పు, 70 అడుగుల పొడవున్న తూములోంచి ఆ కుక్కే తాడు లాక్కుని పోయింది. లేకపోతే సైనికులు రన్‌వేని రోజుల తరబడి తవ్వాల్సి వచ్చేది, అదీ బాంబులు పడే చోట. ఆ కుక్కకి అప్పుడు ఏ పేపరూ లేదు.

పేపర్ అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్. ఆఫీసు చెన్నైలో ఉంది. పిల్ల తల్లిదండ్రులు ఎవరు, తాతలు ఎవరు, వాళ్ల నంబర్లేంటి, అంతా అందులో ఉంటది. కుక్క ఒంట్లో పెట్టిన మైక్రోచిప్ నంబరు ఆ కాగితం మీది నంబరుతో కలవాలి. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వుకున్న. కుక్కకి మూడు తరాల పేర్లు కాగితం మీద ఉన్నయి, పోడు పట్టాకి పోతే మా తాత ఆ భూమి దున్నినట్టు ఆధారం ఏదని మమ్మల్ని ఎన్నిసార్లు తిప్పిండ్రో. సరే, అది వేరే పోస్ట్. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, తల్లీ తండ్రీ ఇద్దరూ రిజిస్టర్ అయి ఉంటేనే పిల్లకి పేపర్ వస్తది. ఇప్పుడు కుక్కని తీసుకెళ్లండి, పేపర్లు తర్వాత పంపిస్తం అంటే నమ్మొద్దు. మా షాపులో ఆ మాట రోజూ వినేవాణ్ని. తర్వాత ఫోన్ చేసినవాళ్లకి వచ్చే వారం అనే జవాబు కూడా వినేవాణ్ని.

ఇంకా ఒక మోసం టీకప్ యార్కీ. కప్పులో పట్టే కుక్క అని ఎక్కువ రేటు చెప్తరు. టీకప్ అనే రకాన్ని ఏ కెన్నెల్ క్లబ్బూ ఒప్పుకోలేదు. ఈతలో బక్కగా పుట్టినదాన్నో, వయసు రాకముందే తల్లి నుంచి లాగేసినదాన్నో అట్లా పేరు పెట్టి అమ్ముతరు. అంత చిన్న పిల్లలకు నాలుగైదు గంటలు తిండి ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతూ పడిపోతయి. అట్లా పడిపోయిన పిల్ల నోట్లో తేనె రాసి కూర్చున్న రాత్రి నాకు గుర్తుంది. అది బతికింది. దాన్ని రెండు రోజుల తర్వాత అదనపు రేటుకి అమ్మేసిండ్రు, కొన్నవాళ్లకు ఏమీ చెప్పలేదు.

రంగు చూసి కూడా కొంత తెలుసుకోవచ్చు. యార్కీ పిల్లలు పుట్టినప్పుడు నలుపు, గోధుమ రంగులో ఉంటయి. ఆ నలుపు నీలిబూడిద రంగులోకి మారడానికి ఏడాది పైన, కొన్నిటికి రెండు మూడేళ్లు కూడా పడుతది. రెండు నెలల పిల్లే వెండిలా మెరుస్తుంటే అనుమానపడాలి. షీట్జూ, లాసా కలిసిన పిల్లల్ని యార్కీ అని అంటగట్టడం ఉంది.

ఇప్పుడు తమ్ముడి లెక్క. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పిల్లలు పెట్టించి అమ్మాలంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి. ఆడకుక్కకి 18 నెలలు నిండకుండా క్రాసింగ్ చేయించకూడదు. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ప్రకటనలో ఇచ్చేది రెండు నెలల పిల్లల జత. అంటే 16 నెలలు ఊరికే పెంచాలి. కడుపుతో 2 నెలలు. పిల్లలు పుట్టినాక ఇంకో 2 నెలలు. మొత్తం 20 నెలలు. అదీ సరిగ్గా టైముకి ఎదకు వస్తే, మొదటిసారే కడుపు నిలిస్తే. ఆరు నెలల్లో డబ్బు అని రాసినవాడు ఒకటి లెక్క రానివాడన్నా అయ్యుండాలి, లేదా మనకి లెక్క రాదనుకునేవాడన్నా అయ్యుండాలి. సంఘం లోన్ కిస్తీ మాత్రం 20 నెలలు ఆగదు. తర్వాతి నెల నుంచే కట్టాలి. అమ్మ కట్టలేకపోతే సంఘంలో మిగతా ఆడవాళ్ల మీద పడుతది, ఊళ్లో అమ్మ ముఖం ఎత్తుకోలేదు.

ఖర్చు చూద్దాం. జత 1 లక్షా 20 వేలు. రెండింటికీ తిండి, మందులు కలిపి నెలకి తక్కువలో తక్కువ 2,500 అనుకుంటే 20 నెలలకి 50 వేలు. టీకాలు మొదటి ఏడాదిలో మూడు నాలుగు సార్లు వేయించాలి, రేబిస్ టీకా వేరే, నట్టల మందు వేరే. రెండింటికీ 12 వేలు పెట్టుకోండి. స్కానింగ్, కాన్పు, ఆపరేషన్ పడితే 18 వేలు. మొత్తం 2 లక్షలు. ఇవి షాపులో, క్లినిక్‌లో నేను చూసిన రేట్లను బట్టి వేసిన అంచనా, కొంచెం అటూ ఇటూ ఉంటది. వడ్డీ ఇందులో కలపలేదు. వచ్చేది? మూడు పిల్లలు బతికితే, వాళ్లు మాట మీద నిలబడితే, 90 వేలు. మళ్లీ ఈతకి ఏడాది ఆగాలి.

అదీ అంతా బాగుంటేనే. జత అని ఇచ్చేవి చాలాసార్లు ఒకే ఈత అన్నాచెల్లెళ్లు. వాటికే పిల్లలు పెట్టిస్తే పుట్టేవి రోగాలతో పుడతయి. ఈ జాతికి ముందే మోకాలి చిప్ప జారడం, గొంతు గొట్టం కుంగిపోయి దగ్గు రావడం, కాలేయం తేడాలు, తొందరగా పళ్లు పాడవడం ఉన్నయి. మా కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ 45 దాటుతది, కరెంటు ఎప్పుడు ఉంటదో తెలియదు. ఊరి చుట్టూ పశువులు, వాటి మీద పిడుదులు. పిడుదు జ్వరం వస్తే పెద్ద కుక్కే నీరసపడిపోతది, మూడు కిలోల కుక్క ఎంత? యార్కీని చూసిన డాక్టర్ దగ్గరికి పోవాలంటే ఖమ్మమో వరంగల్లో పోవాలి.

వాళ్లే తిరిగి కొంటారు కదా అంటరు. ఈ మాట మన పెద్దోళ్లు ఒకసారి విన్నరు. ఇంట్లో అడగండి, ఈము పక్షుల కథ చెప్తరు. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, తమిళనాడులో ఈము ఫారాలు పుట్టగొడుగుల్లా వచ్చినయి. మాంసం అన్నరు, నూనె అన్నరు, పిల్లల్ని మేమే కొంటం అన్నరు. నిజానికి ఈము మాంసం తినేవాళ్లు లేరు, నూనె కొనేవాళ్లు లేరు. కొత్తగా చేరే రైతుకి పిల్లల్ని అమ్మడమే వ్యాపారం. కొత్తవాళ్లు ఆగిపోయిన రోజు అంతా కూలిపోయింది. 2012లో పెరుందురై సుసి ఈము ఫామ్స్ మూతపడితే వేల మంది డబ్బు పోగొట్టుకున్నరు, పక్షులకు మేత పెట్టేవాళ్లు లేక అవి ఆకలితో చచ్చినయి. ఈ కుక్కల జత ప్రకటనని ఆ పద్ధతితో పోల్చి చూడండి. పెంచుకునేవాళ్ల కోసం కాదు, మనలాగా పెంచి అమ్ముదామనుకునేవాళ్ల కోసమే ఆ ప్రకటన.

కొందరు సీనియర్లు నాతో ఒక మాట అన్నరు. నువ్వు మనవాళ్ల ధైర్యం తీస్తున్నవ్, వ్యాపారం అంటే రిస్క్ ఉంటది, ఎప్పుడూ ఉద్యోగమే అంటే ఎట్లా అని. ఈ మాటలో నిజం ఉంది, నేను కాదనను. కానీ రిస్క్ తీసుకునేవాడికి ఆ పనిలో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. కర్ణాటకలో ముధోల్ దగ్గర ముధోల్ హౌండ్ కుక్కల్ని పెంచి బతికే కుటుంబాలు ఉన్నయి. అది అక్కడి కుక్క, అక్కడి ఎండకి అలవాటైంది, వాళ్ల తాతల నుంచి దాని సంగతి తెలుసు, పక్కన ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉంది. మన దగ్గర యార్కీకి వీటిలో ఒక్కటీ లేదు. మేకలు, నాటుకోళ్లు అంటే మన అమ్మలే మనకి పాఠం చెప్పగలరు. అదే లోన్ వాటి మీద పెడితే నేను ఈ పోస్ట్ రాసేవాణ్ని కాదు.

అయినా ముచ్చటకి కొనాలనుకునేవాళ్లు గ్రూపులో ఉండొచ్చు, కొందరు అన్నలు మంచి ఉద్యోగాల్లో ఉన్నరు. వాళ్లకు నా మాట. బేరం తర్వాత, ముందు తల్లిని చూపించమని అడగండి. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి లూసీస్ లా అనే చట్టం ఉంది. పెంపకందారు తప్ప నడుమ షాపులవాళ్లు ఆరు నెలల లోపు పిల్లల్ని అమ్మకూడదు, తల్లి దగ్గరే పిల్లని చూపించాలి. మన దగ్గర పెట్ షాపులు ఇంకా ఉన్నయి కాబట్టి ఆ పని మనమే చేయాలి. తల్లి ఊళ్లో లేదు, ఫామ్‌హౌస్‌లో ఉంది అంటే లేచి వచ్చేయండి. 8 వారాలు నిండినయా, టీకా కార్డు మీద డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నయా చూడండి. నెలకి తిండి, జుట్టు కత్తిరింపు, డాక్టర్ కలిపి 3 వేల నుంచి 5 వేలు పక్కన పెట్టుకోండి. ఇది ఒకటీ రెండేళ్ల మాట కాదు, ఈ కుక్కలు 12, 15 ఏళ్లు బతుకుతయి. జుట్టు రోజూ దువ్వకపోతే చిక్కుపడి చర్మం పుండ్లు పడుతది. పొద్దున పోయి రాత్రి వచ్చే ఉద్యోగమైతే పాపం దాన్ని తేవద్దు.

ఫొటో చూసి టోకెన్ అడ్వాన్స్ ఎవరికీ పంపొద్దు. ముందు 5 వేలు అంటరు, తర్వాత విమానం బోను ఖర్చు అంటరు, తర్వాత ఇన్సూరెన్స్ అంటరు, చివరికి నంబరు పని చేయదు. అట్లా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

జంతువులంటే ఇష్టం ఉండి, దాని మీదే బతకాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా గురించి అడిగి తెలుసుకోండి. పి.వి. నరసింహారావు తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ కింద రెండేళ్ల కోర్సు, పాలిసెట్ రాయాలి, మనకి రిజర్వేషన్ ఉంది. మా మండలంలో పశువుల డాక్టర్ వచ్చే రోజు కోసం జనం ఎట్లా ఎదురుచూస్తరో నాకు తెలుసు.

మన ఊరి కుక్కలకి రేటు లేదు. పోడు చేను దగ్గర అడవిపందిని తరిమేది అవే, రాత్రి పాము వస్తే మొరిగి లేపేది అవే. వాటికి మనం పెట్టాల్సిన ఖర్చు ఒక్కటే, రేబిస్ టీకా. ప్రతి ఏడాది జూలై 6న పశువుల ఆస్పత్రుల్లో ఆ టీకా ఉచితంగా వేస్తరు. మా ఊళ్లో పోయినసారి ఎవరూ తీసుకుపోలేదు, ఆ తేదీ ఎవరికీ తెలియదు. ఈసారి సెలవుల్లో ఎవరెవరు ఏ ఊళ్లో ఉంటారో కింద రాయండి, ఊరికి ఇద్దరు ఉంటే కుక్కల్ని పట్టుకుని పోవడం కుదురుతది. తాళ్లు, మూతికి కట్టే గుడ్డలు వెంట తీసుకెళ్లండి, మన కుక్కలు సూది చూస్తే ఊరుకోవు.